పెరటి చెట్టు మీద ఫ్రాగ్‌మౌత్ గూడు: పిల్లలు ఎగిరే వరకు మీరు చేయాల్సినవి, చేయకూడనివి

ఐదేళ్ల కిందట, సెప్టెంబరు మొదటి ఆదివారం. తెనాలి నుంచి మా అత్తగారు సిడ్నీ వచ్చి అప్పటికి పది రోజులైంది. పొద్దున్నే పెరటి తలుపు తీసి, అంతే వేగంగా మూసేసి, "చెట్టు మీద గుడ్లగూబ కూర్చుంది, పిల్లల్ని బయటికి పంపకమ్మా" అన్నారు. నేను వెళ్లి చూస్తే చెట్టు మీద పక్షే కనిపించలేదు. విరిగిన కొమ్మ మోడు ఒకటి, బెరడు చారలతో సహా, కాస్త ఏటవాలుగా నిలబడి ఉంది. అంతే. లోపలికి వచ్చేయబోతుండగా ఆ మోడు ఒక కన్ను సన్నగా తెరిచి, నన్ను చూసి, మళ్లీ మూసుకుంది.

ఆ మోడు పేరు టానీ ఫ్రాగ్‌మౌత్. మా ఇంట్లో మాత్రం 'కప్పనోటి పిట్ట'. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోనూ టాస్మేనియాలోనూ దాదాపు అంతటా ఉంటుంది. దట్టమైన వానకారు అడవి, చెట్టు లేని ఎడారి మాత్రం దీనికి పడవు. ఊళ్లలో పార్కులు, పాత చెట్లున్న వీధులు, ఇళ్ల పెరళ్లు బాగా పడతాయి. అందుకే సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్‌లలో ఉంటున్న మనవాళ్లు ఏదో ఒక వసంతంలో దీని కంట పడక మానరు. మన ఊళ్లలో ఈ పక్షి లేదు; పడమటి కనుమల్లో దీని చుట్టం శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ ఉంది కానీ, అది వేరే పక్షి, దాని లెక్కలు వేరు. కాబట్టి కింద రాసినదంతా ఆస్ట్రేలియాలో ఉన్నవారికే.

మొదటే ఒక మాట. ఈ పిల్లలను పెంచాల్సింది వాటి అమ్మానాన్నలు. మీ పని కాపలా. అందులోనూ ఎక్కువ భాగం చేతులు కట్టుకుని నిలబడటమే. అది రాయడం తేలిక. చేయడం ఎంత కష్టమో కింద చెబుతాను.

ముందు అది ఏ పక్షో తేల్చుకోండి

గుడ్లగూబ అనుకున్నారని అత్తగారిని చూసి నవ్వలేం. దీని శాస్త్రీయ నామం పోడార్గస్ స్ట్రిగాయిడిస్. అందులో రెండో మాటకు అర్థమే 'గుడ్లగూబలాంటిది'. మొదటి మాట కీళ్లవాతంతో కాళ్లు పట్టేసినవాడిని సూచించే గ్రీకు మాట నుంచి వచ్చింది. ఆ ఎగతాళిలోనే అసలు తేడా ఉంది. గుడ్లగూబ బలమైన గోళ్లతో వేటను పట్టుకుంటుంది. ఫ్రాగ్‌మౌత్ కాళ్లు పొట్టివి, బలహీనమైనవి. ఇది నోటితోనే పట్టుకుంటుంది. ముక్కు వెడల్పుగా, మొద్దుగా ఉండి, దాని మీద మీసంలా గరుకు ఈకలు నిలబడి ఉంటాయి. నోరు తెరిస్తే తల రెండుగా చీలిందా అనిపిస్తుంది.

పిల్లల విషయంలో ఇంకా సులువైన గుర్తుంది. ఇక్కడి గుడ్లగూబలు చాలావరకు చెట్టు తొర్రలో పిల్లలను పెడతాయి. ఫ్రాగ్‌మౌత్ బాహాటంగా కొమ్మ పంగలో పెడుతుంది. గొంతు కూడా వేరు. రాత్రిళ్లు 'మో-పోక్' అని రెండు ముక్కలుగా వినిపించేది బూబుక్ అనే చిన్న గుడ్లగూబ. చాలామంది దాన్ని ఫ్రాగ్‌మౌత్‌కు అంటగడతారు. దీనిది 'ఊమ్ ఊమ్ ఊమ్' అని ఆగకుండా సాగే లోగొంతు. పక్క గదిలో ఎవరో ఫోను వైబ్రేషన్‌లో పెట్టి మరిచిపోయినట్టు ఉంటుంది.

గూడు దొరికిన రోజు తేదీ రాసుకోండి

ఆస్ట్రేలియా దక్షిణాది రాష్ట్రాల్లో గుడ్లు పెట్టే కాలం సుమారుగా ఆగస్టు నుంచి డిసెంబరు వరకు. గూడు వెతకాలంటే గూడు కోసం వెతకకండి, అది కనిపించదు. నాయిజీ మైనర్ల గోల వినండి. ఆ పిట్టలు పది చేరి ఒకే కొమ్మ చుట్టూ రభస చేస్తున్నాయంటే అక్కడ రాత్రి పక్షి ఏదో ఉన్నట్టే. చెట్టు కింద తెల్లటి రెట్ట చారలు ఉన్నాయేమో చూడండి. గరుకు బెరడు చెట్లు దీనికి ఇష్టం. మన జామాయిల్ తోటల బంధువులైన యూకలిప్టస్‌లు, సరుగుడు జాతి చెట్లు.

గూడు చూస్తే మీకు జాలేస్తుంది. అడ్డంగా సాగిన కొమ్మ పంగలో, జానెడున్నర వెడల్పున, నాలుగు పుల్లలు పడేసినట్టు ఉంటుంది. దీని ముందు కాకి గూడు రాజభవనం. కింద నుంచి చూస్తే పుల్లల సందుల్లో ఆకాశం కనిపిస్తుంది. అందులోనే రెండు, ఒక్కోసారి మూడు తెల్లటి గుడ్లు. గాలివానకు పిల్లలు కింద పడటానికి సగం కారణం ఈ కట్టడమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

రోజూ పగలంతా ఒకే పక్షి ఒకే పంగలో కదలకుండా కూర్చుని, జంట పక్షి దగ్గర్లో మరో కొమ్మ మీద కునుకుతూ ఉంటే పొదుగుతున్నాయని అర్థం. పగటి డ్యూటీ నాన్నది. రాత్రి ఇద్దరూ వంతులు వేసుకుంటారు. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా అత్తగారి ముఖంలో అరిష్టం భయం పోయి, మామయ్యగారి గురించి ఒక చిరునవ్వు మొదలైంది. ఆవిడే ఫ్రిజ్ మీది తెలుగు క్యాలెండరులో ఆ ఆదివారానికి చుట్టూ సున్నా చుట్టారు. గుడ్లు పొదగడానికి సుమారు 28 నుంచి 30 రోజులు పడుతుంది. మీరు చూసేసరికి ఎన్ని రోజులు గడిచాయో తెలియదు కాబట్టి, పిల్లలు ఆ తేదీ నుంచి నెల లోపు ఎప్పుడైనా బయటికి రావచ్చు.

ఈ నెలలో చేయాల్సిన పనులు తక్కువ. ఆ చెట్టు కొమ్మలు కొట్టించకండి; చెట్లు కొట్టేవారికి ముందే కబురు చేసి ఉంటే పిల్లలు గూడు వదిలాక రమ్మనండి. నిచ్చెన వేయకండి, డ్రోను ఎగరేయకండి. ఫొటో కావాలంటే దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా.

ఎంత దూరం అన్నది మీటర్లలో చెప్పడం కన్నా పక్షినే అడగడం మేలు. నిశ్చింతగా ఉన్న ఫ్రాగ్‌మౌత్ ఈకలు వదులుగా పొంగించి, తల భుజాల్లోకి దించుకుని, ముద్దగా కూర్చుంటుంది. అది మెల్లగా సన్నబడి, మెడ సాగదీసి, ముక్కు పైకెత్తి, కళ్లు గీతల్లా చేసి కొమ్మలా మారిపోయిందనుకోండి: అబ్బ, ఎంత బాగా కలిసిపోయిందో అని మీరు మురిసిపోయే ఆ భంగిమ నిజానికి భయం. ఫొటోల్లో మనం మెచ్చుకునేవి చాలావరకు భయపడ్డ పక్షుల ఫొటోలే. వెంటనే వెనక్కి నడవండి, అది మళ్లీ ముద్దగా మారే వరకు. అక్కడ ఒక కుర్చీ వేసుకోండి. మీ దూరం అదే.

పిల్లలు వచ్చాక: ఏ వారంలో ఏమి కనిపిస్తుంది

పిల్లలు గుడ్డు చీల్చుకుని వచ్చిన రోజు మీకు దాదాపు ఏమీ కనిపించదు. నాన్న కూర్చునే తీరు కొద్దిగా మారుతుంది. ఒళ్లు కాస్త పైకెత్తి, ఒక పక్కకు ఒరిగి కూర్చుంటాడు. కింద గుడ్డు పెంకు ముక్క పడి ఉండవచ్చు. చీకటి పడగానే పెద్ద పక్షులు గూటికి వచ్చి పోవడం హఠాత్తుగా పెరుగుతుంది. మాకు అక్టోబరు 1న అలా తెలిసింది.

మొదటి వారం పిల్లలు తెల్లటి నూగు ముద్దలు. ఒళ్లు వెచ్చగా ఉంచుకోలేవు కాబట్టి పెద్ద పక్షి వాటిని వదలదు. అదృష్టముంటే నాన్న పొట్ట ఈకల్లోంచి దూది ఉండలాంటి తల ఒకటి బయటికి వచ్చి, ఊగి, లోపలికి పోవడం చూస్తారు. ఈ వారంలో గూటి దగ్గర అలజడి చేయడం అన్నిటికన్నా ప్రమాదం. పెద్ద పక్షి లేచిపోతే చలి ఒక పక్క. మరోపక్క పగటిపూట కాచుకుని ఉండే కరవాంగ్ అనే పెద్ద నల్ల పక్షులు, కాకులు. చెట్టెక్కే ఉడుములున్న ప్రాంతాల్లో వాటి బెడద కూడా.

రెండో వారానికి తెలుపు మాసి బూడిద రంగు తిరుగుతుంది, రెక్కల మీద ఈకలు ముళ్లలా పొడుచుకు రావడం మొదలవుతుంది. మూడో వారానికి అవి నాన్న పొట్ట కింద పట్టవు. పక్కన వరసగా కూర్చుంటాయి. ఇక్కడ ఒక తమాషా చూడండి: ఎవరైనా దగ్గరికి వస్తే నాన్నతో పాటు పిల్లలూ మెడలు సాగదీసి కొమ్మ ముక్కలుగా మారబోతాయి. నూగు సగం, ఈకలు సగం ఉన్న ఆ ఒంటితో అవి కొమ్మల్లా కాదు, కొమ్మకు పట్టిన బూజులా ఉంటాయి. నాలుగో వారంలో రెక్కలు చాచడం, గూటి అంచు దాటి కొమ్మ మీద రెండడుగులు నడిచి వెనక్కి రావడం.

తిండి పెట్టడం చూడాలంటే దీపాలు పెట్టే వేళకు కుర్చీలో ఉండండి. సూర్యుడు కుంకాక ఇరవై ముప్పై నిమిషాలకు నాన్న కళ్లు పూర్తిగా తెరుస్తాడు. ఒళ్లు విదిలిస్తాడు. పసుపు రంగు కళ్లు ఆ మసక వెలుగులో స్పష్టంగా కనిపిస్తాయి. ఆపైన చప్పుడు లేకుండా కొమ్మ మీంచి నేల మీదికి జారిపోతాడు. మా పెరట్లో ఒక సాయంత్రం పచ్చిక మీంచి పెద్ద జెర్రిని పట్టుకొచ్చి, కంచె కమ్మీ మీద కూర్చుని, దాన్ని అటూ ఇటూ కమ్మీకేసి కొట్టాడు. టప్, టప్, టప్. బట్టలు ఉతుకుతున్నట్టు. మెత్తబడ్డాక గూటికి తీసుకెళ్లాడు. మిడతలు, పెంకుపురుగులు, బొద్దింకలు, నత్తలు, వానపాములు, దీపపు పురుగులు, ఒక్కోసారి చిట్టెలుకలు, కప్పలు, బల్లులు: ఇవీ ఆ ఇంటి భోజనం. టార్చి నేరుగా గూటి మీద వేయకండి. తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టి నేల వైపు తిప్పండి.

గూడు దిగే రోజులు

పుట్టిన 25 నుంచి 35 రోజుల మధ్య పిల్లలు గూడు వదులుతాయి. ఎక్కువ గాభరా ఫోన్లు వచ్చేది ఈ రోజుల్లోనే అని ఇక్కడి వన్యప్రాణి సంరక్షకులు చెబుతారు. ఎందుకంటే 'ఎగిరాయి' అని మనం అనుకునేదానికీ అక్కడ జరిగేదానికీ చాలా తేడా. తోక పొట్టి, రెక్కలు అరకొర, తల మీద ఇంకా నూగు. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు గెంతుతాయి, జారుతాయి, పట్టు తప్పి కిందికొమ్మకు వస్తాయి. గూడు ఖాళీ అయినంత మాత్రాన పిల్లలు పోయాయని కాదు. చుట్టుపక్కల చెట్లలో, వరసలో పెద్ద, చిన్న, చిన్న, పెద్ద అని నాలుగు మోడులు ఒకదానికొకటి ఆనుకుని కూర్చుని ఉంటాయి. అలా ఆనుకుని కూర్చోవడం వీటి అలవాటు.

ఆ తరువాత కూడా మరో ఒకటి రెండు నెలలు తినిపించేది అమ్మానాన్నలే. అంటే నేల మీదో పొద మీదో కనిపించిన నూగుతల పిల్ల అనాథ కాదు. వాళ్ల నాన్న నాలుగు గజాల దూరంలో మోడులా నటిస్తూ మిమ్మల్ని చూస్తూ ఉండి ఉంటాడు.

పిల్ల కింద పడితే

మా పెరట్లో పిల్లలకు రెండు వారాలున్నప్పుడు ఒక రాత్రి గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే పంగలో పుల్లలు లేవు. ఒక పిల్ల నాన్న పక్కన కొమ్మను పట్టుకుని ఉంది. రెండోది చెట్టు మొదట్లో, తడిసిన ఆకుల మీద. నేను దగ్గరికి వెళ్లేసరికి నా బొటనవేలంత కూడా లేని రెక్కలు రెండూ పైకెత్తి, తల కన్నా పెద్దగా నోరు తెరిచి బుస్సుమంది. తువ్వాలు వేసి ఎత్తాను. బరువు అసలు తెలియలేదు, అరచేతికి వెచ్చదనమే తెలిసింది. ఆ వెచ్చదనం ఉండటం మంచి గుర్తని తరువాత తెలిసింది.

ఆ సమయంలో మీరు చేయాల్సింది వరసగా ఇది.

మొదట కుక్కను, పిల్లిని లోపల పెట్టండి. తరువాత పిల్లను దూరం నుంచి బాగా చూడండి. రక్తం, వేలాడే రెక్క, తల ఒక పక్కకు తిరిగిపోవడం, కాళ్లు నిలవకపోవడం, ఈగలు ముసరడం: వీటిలో ఏది ఉన్నా పశువైద్యుడి దగ్గరికే. ఒళ్లు చల్లబడి ఉన్నా అంతే. పిల్లి నోట్లో పడిందని తెలిస్తే, పైకి గీత కూడా కనిపించకపోయినా, ఆ రోజే తీసుకెళ్లాలి. పిల్లి నోటి సూక్ష్మజీవులు పక్షుల రక్తంలో కలిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తాయి.

దెబ్బలు లేవు, రెక్కల నిండా ఈకలున్నాయి, కొమ్మ ఇస్తే పట్టుకుంటోంది అంటే అది గూడు దిగిన పిల్ల. అదే చెట్టు మీద, మీ చేతికి అందినంత ఎత్తున, కొమ్మ మీద కూర్చోబెట్టి తప్పుకోండి. చీకటి పడ్డాక అమ్మానాన్నలు వస్తారో లేదో చూడండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదని మన ఊళ్లో పిచ్చుక పిల్లల గురించి చెప్పేవారు. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. ముట్టుకున్న పిల్లను అవి వదిలేయవు.

దెబ్బలు లేవు కానీ ఇంకా నూగు ముద్దే, కొమ్మ మీద నిలవలేదు అంటే గూడు కావాలి. అసలు గూడు ఎక్కడానికి ప్రమాదం లేనంత ఎత్తులో ఉంటే అందులో పెట్టవచ్చు. కానీ సాధారణంగా అవి ఐదారు మీటర్ల పైనే ఉంటాయి, అదీగాక గాలికి పోయిన గూడు ఎలాగూ లేదు. అప్పుడు మారు గూడు కట్టాలి. దీనికి ముందు సంరక్షణ సంస్థకు ఫోను చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. న్యూ సౌత్ వేల్స్‌లో వైర్స్, 1300 094 737. విక్టోరియాలో వైల్డ్‌లైఫ్ విక్టోరియా, 03 8400 7300. క్వీన్స్‌లాండ్‌లో ఆర్‌ఎస్‌పీసీఏ, 1300 264 625. పెర్త్ వైపు వైల్డ్‌కేర్, 08 9474 9055. గూటి ఫొటో, పిల్ల ఫొటో, చెట్టు ఉన్న చోటు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

మాకు ఫోనులో చెప్పింది విని మేము కట్టింది ఇది: వేలాడదీసే తీగ పూలబుట్ట, అడుగున నీళ్లు నిలవకుండా కొబ్బరి పీచు, దాని మీద పుల్లలు, ఎండు సరుగుడు ఆకు. పుల్లలు తప్పనిసరి. నున్నటి అడుగు మీద పిల్లల కాళ్లు పక్కలకు జారి, కీళ్లు వంకరపోతాయి. బుట్ట లోతుగా ఉండకూడదు. పిల్ల బయటికి చూడగలగాలి, అమ్మానాన్నలకు అది కనిపించాలి. పాత గూడున్న చెట్టుకే, నీడ పడే వైపు, ఊగకుండా రెండు చోట్ల బిగించి కట్టాలి. మా వారు నిచ్చెన మీద, నేను కింద నిచ్చెన పట్టుకుని, అత్తగారు పిల్లను తువ్వాలులో పొదువుకుని. "అరిష్టం అన్నారు కదా అత్తయ్యా" అంటే, "పసిపిల్లకు అరిష్టమేమిటమ్మా" అన్నారు.

బుట్టలో పెట్టాక అసలు పని మొదలవుతుంది: కిటికీ వెనక నుంచి కాపలా. నాన్న పగలంతా కదల్లేదు. నాకు గుండె జారిపోయింది. ఏడున్నరకు బుట్ట అంచు మీద వాలాడు. నోట్లో ఏదో ఉంది. బుట్టలోంచి నూగుతల లేచింది. అంతే, తలుపు వేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. రెండో పిల్ల కూడా మర్నాటికల్లా బుట్టలోనే ఉంది, ఎలా వచ్చిందో చూడలేదు.

చీకటి పడి రెండు గంటలైనా ఎవరూ రాకపోతే పిల్లను రాత్రంతా అలా వదలకండి. దించి, పెట్టెలో పెట్టి, మళ్లీ ఫోను చేయండి.

పెట్టెలో పెట్టాల్సి వస్తే

గాలి రంధ్రాలున్న అట్టపెట్టె. అడుగున మెత్తటి తువ్వాలు, మధ్యలో చిన్న గుంటలా చేసి. చిన్న పిల్లయితే గోరువెచ్చటి నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి, వేడెక్కితే జరగడానికి మరో పక్క ఖాళీగా ఉంచండి. మూత వేయండి. చీకటి, నిశ్శబ్దం. కారులో పాటలు వద్దు, పిల్లలు ఒక్కొక్కరుగా తొంగి చూడటం వద్దు.

నీళ్లు పోయకండి. నోరు తెరిచింది కదా అని చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ నోరు ఆకలితో కాదు, మిమ్మల్ని భయపెట్టడానికి తెరిచింది. పాలు, అన్నం, పెరుగన్నం, నానబెట్టిన బ్రెడ్డు ఏవీ వద్దు. ఖీమా కూడా వద్దు. ఇంట్లోకి ప్రాణి వస్తే ముందు ఏదైనా పెట్టడం మన రక్తంలో ఉన్న అలవాటు, నాకు తెలుసు. కొన్ని గంటలు ఆకలితో ఉంటే ఆ పిల్లకు ఏమీ కాదు, తప్పుడు తిండి పెడితే అవుతుంది.

దొరికిన చోటు కచ్చితంగా రాసి పెట్టె మీద అంటించండి: వీధి, ఇంటి నంబరు, ఏ చెట్టు, ఏ సమయం. కోలుకున్నాక దాన్ని తిరిగి ఆ కుటుంబం దగ్గరే వదలాలి. ఇక్కడ మామూలుగా పశువైద్యులు వన్యప్రాణులకు డబ్బు తీసుకోరు; కాబట్టి ఖర్చుకు భయపడి ఆలస్యం చేయవద్దు.

ఇంట్లోనే పెంచుకుంటే ఏమవుతుంది అని మా అబ్బాయి అడిగాడు. మీ పిల్లలూ అడుగుతారు. ఒకటి, చట్టం ఒప్పుకోదు. ఇలాంటి అడవి పక్షులను లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరం. రెండోది అసలు కారణం. సంరక్షకులు వీటికి ఎముకలతో సహా ముక్కలు చేసిన చిట్టెలుకలు, పురుగులు పెడతారు. ఉత్త మాంసం తిన్న పిల్లకు కాల్షియం అందక ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. రోజూ తూకం వేస్తారు. ఒంటరిగా పెంచరు, ఇంకో ఫ్రాగ్‌మౌత్ పిల్లతో జత చేస్తారు. లేకపోతే మనిషినే తన జాతి అనుకుంటుంది. చివరి వారాల్లో పెద్ద పంజరంలో ప్రాణమున్న పురుగులను వదిలి, నేల మీద కదిలేదాన్ని పై నుంచి చూసి పట్టడం నేర్పిస్తారు. అమ్మానాన్నలు రెండు నెలల పాటు పక్కనే కూర్చుని నేర్పేది ఇదే. ఇంట్లో పెంచిన పక్షికి ఈ ఒక్క పాఠం అందదు, బయట వదిలితే ఆకలితో పోతుంది.

తరువాతి నెలల్లో పెరడు

నవంబరు నుంచి ఇక్కడి వేసవి చివరి వరకు, అంటే ఫిబ్రవరి దాకా, ఆ కుటుంబం మీ పెరట్లోనే వేటాడుతుంది. ఎలుకల మందు పెట్టారా? తీసేయండి. ముఖ్యంగా బ్రోడిఫాకమ్ వంటి రెండో తరం మందులు. ఎలుక వెంటనే చావదు. రెండు మూడు రోజులు మత్తుగా తిరుగుతుంది, అలాంటి ఎలుకనే పక్షి సులువుగా పట్టుకుంటుంది, మందు దాని ఒంట్లో చేరి లోపలి రక్తస్రావంతో చంపుతుంది. ఎలుకలతో ఇబ్బంది ఉంటే పక్షులకు అందని చోట బోను పెట్టండి. నత్తల మందు కూడా అంతే. అసలు మందు లేకపోయినా నత్తల నుంచి వీటికి ఒక జబ్బు వస్తుంది. సిడ్నీ, బ్రిస్బేన్ ప్రాంతాల్లో ఎలుకల ఊపిరితిత్తి పురుగు నత్తల ద్వారా ఫ్రాగ్‌మౌత్‌లకు సోకి, మెదడు, వెన్నుపాము దెబ్బతింటాయి. కాళ్లు చచ్చుబడి పగటిపూట నేల మీద కూర్చున్న పెద్ద పక్షి కనిపిస్తే దాన్ని 'విశ్రాంతి' అనుకోకండి. ఫోను చేయండి.

రాలిన ఆకులు కొన్ని అలాగే ఉంచండి, పురుగులు అక్కడే ఉంటాయి. పండ్ల చెట్ల మీద వదులు వలలు ఉంటే బిగించండి లేదా తీసేయండి. రాత్రి వీధిలో కారు నెమ్మదిగా నడపండి: దీపాల వెలుగులో ఎగిరే పురుగుల కోసం ఇవి నేరుగా కారు ముందుకు దిగుతాయి, కొత్తగా ఎగరడం నేర్చిన పిల్లలు మరీను. వాకిట్లోకి వచ్చాయి కదా అని మాంసం ముక్కలు వేసి మచ్చిక చేయకండి.

మా రెండు పిల్లలూ నవంబరు మొదటి వారంలో బుట్ట దిగాయి. క్యాలెండరులో అత్తగారి లెక్క ప్రకారం అది ముప్పై నాలుగో రోజు. డిసెంబరులో ఆవిడ తెనాలి వెళ్లేసరికి నలుగురూ వరసగా పక్కింటి వారి చెట్టు మీద ఉన్నారు. మార్చికల్లా పెద్దవి రెండే మిగిలాయి. ఇప్పటికీ ప్రతి ఆగస్టులో అత్తగారు ఫోనులో ముందు మా ఆరోగ్యం, తరువాత దానిది అడుగుతారు.

ఈ జంట ఏటా అదే చోటికి రావచ్చు, కాబట్టి ఖాళీ గూటి పుల్లలను ఊడ్చేయకండి. మేము ఆ బుట్టను కూడా చెట్టుకే ఉంచేశాం, కొత్త కొబ్బరి పీచు వేసి, బిగించి మరీ. మరుసటి ఆగస్టులో నాన్న వచ్చాడు. బుట్టను కన్నెత్తి చూడలేదు. దానికి మూరెడు దూరంలో, పోయినసారి గూడు గాలికి ఎగిరిపోయిన ఆ పంగలోనే, మళ్లీ నాలుగు పుల్లలు పడేసి కూర్చున్నాడు.